గార్డుగారి లైన్ క్లియర్

పోయిన వారం మా ఎదురింటావిడ కబురు చేసింది, చిలకను కొన్నాం, వచ్చి చూసిపొమ్మని. ఏలూరులో చిలకను కొన్నవాళ్ళు దాన్ని పదిమందికీ చూపించందే ఊరుకోరు. చిలకకి మాత్రం ఆ పదిమందినీ చూడాలన్న సరదా వుండదు. నేను వెళ్ళేసరికి అది పంజరంలో ఓ మూలకి అంటుకుపోయి, ఈకలన్నీ ఒంటికి బిగించుకుని వుంది. ఆవిడ చూపుడువేలికి గుడ్డపీలిక చుట్టి వుంది. ముద్దు చేద్దామని వేలు పెడితే కరిచిందట. ఎంత పాడు చిలకో నాకు చూపించడానికని, గుడ్డ చుట్టని రెండో చేతి వేలు ఊచల మధ్యకి పోనివ్వబోయింది.

"లైన్ క్లియర్ రాకుండా బండి ఎలా వదులుతారండీ?" అన్నాను.

ఆవిడ వేలు ఆగిపోయింది. నా మొహంలోకి చూసింది. ఆ మాట నాది కాదు, అందులోని ఎత్తిపొడుపూ నాది కాదు. తాడేపల్లిగూడెంలో మా పక్కింట్లో వుండిన గార్డుగారిది. మనిషి పోయి ఎన్నో ఏళ్ళయింది. మాట మాత్రం నా నోట్లో గూడు కట్టుకుని కూర్చున్నట్టుంది.

గార్డుగారంటే గూడ్సు బండి గార్డు. ముప్ఫై యేళ్ళు బెజవాడకీ రాజమండ్రికీ మధ్య గూడ్సు వెనక పెట్టెలో తిరిగి, ఉద్యోగం చాలించి గూడెంలో స్థిరపడ్డారు. భార్య పోయింది, పిల్లలు లేరు. ఆయన అసలు పేరు మా వీధిలో చాలామందికి సమాధి మీద చెక్కించాకే తెలిసింది. ఇక్కడ రాయను. రాసినా గూడెంలో ఎవరూ గుర్తుపట్టరు.

మా గోదావరి వైపు అండీ లేనిదే పలకరింపు వుండదు, అందులో వింత లేదు. గార్డుగారు ఆ అండీని మనుషులతో ఆపేవారు కారు. వాకిట్లోకి వచ్చిన ఊరకుక్కతో "తమరు కాస్త అవతలికి దయచెయ్యండి" అనేవారు. దడి తోసుకొచ్చిన గేదెతో "మీ ఇల్లు అటండీ" అనేవారు. ఆయన కోపం ఏ మాత్రమో తెలియాలంటే గొంతు వినక్కర్లేదు, అండీలు చూసుకుంటే చాలు. ఒకటైతే క్షేమం. రెండైతే మనలో ఏదో పొరపాటుంది. "ఏవండీ, చూశారాండీ, తమరేనాండీ" అని మూడు దొర్లాయంటే అవతలి మనిషి ఇంటికి పోయి తలుపేసుకోవడం మంచిది.

ఎక్కడికెళ్ళినా చివర వుండేవారు. మా క్రైస్తవుల గుడిలో చివరి బల్ల, పెళ్ళిలో చివరి పంక్తి, ఎవరినైనా సమాధుల దొడ్డికి మోసుకెళ్తుంటే అందరికన్నా వెనక నడక. ముందుకు రమ్మంటే, "గార్డు పెట్టె ముందు తగిలిస్తే బండి ఎటు పోతుందండీ?" అనేవారు.

దేవుడితో కూడా అండీయే. మా సంఘంలో అందరూ దేవుణ్ణి నీవు అనే ప్రార్థిస్తారు. గార్డుగారు "ప్రభువుగారండీ, వందనాలండీ" అని మొదలుపెట్టి "ఆమేనండీ" అని ముగించేవారు. గుడిలో పిల్లలు కిసుక్కున నవ్వేవారు. మా అత్తగారికి నవ్వు కూడా వచ్చేది కాదు. ఒకరోజు దడి దగ్గర నిలబెట్టి అడిగేశారు, దేవుడికి కూడా ఈ మన్ననలేమిటని.

"ముప్ఫై యేళ్ళు స్టేషను మాస్టర్లని అండీ అన్నాను చెల్లెమ్మగారూ," అన్నారాయన. "దేవుడు వాళ్ళకన్నా తక్కువ వాడంటే చెప్పండి, మానేస్తాను."

అత్తగారు దడి మీద ఆరేసిన బట్టలు తీసుకుని లోపలికి వెళ్ళారు.

ఇక మా చిలక సంగతి. మేం గూడెంలో వుండగా ఒక యేడు ఎండాకాలంలో మాకు పుట్టిన పిల్ల పదకొండు రోజులుంది. దాన్ని గురించి ఇంతకన్నా రాయను. నాకు జ్వరం వచ్చి, తగ్గి, లేచి కూర్చునేసరికి ఇల్లంతా ధైర్యం చెప్పేవాళ్ళతో నిండిపోయింది. దేవుడు అలా ఎందుకు చేశాడో మా సంఘంలో ఒక్కొక్కరికి ఒక్కో కారణం తెలుసు. ఎవరి కారణంలోనూ వాళ్ళ తప్పు మాత్రం వుండేది కాదు. నేను బడికి వెళ్ళినదాన్ని కాదు. కొల్లేటి ఒడ్డున మా వూళ్ళో, ఇంట్లోనే, మా నాన్నగారి దగ్గర నాలుగు అక్షరాలు నేర్చుకున్నాను. అక్షరాలతో పాటు ఆయన నేర్పింది ఒకటే, ఏది దొరికినా ముందు స్తోత్రం చెప్పమని. గంజికి చెప్పాను, గాలికి చెప్పాను, మా వారిలాంటి నెమ్మదస్థుడికి ఇచ్చి చేసినందుకు చెప్పాను. ఆ యేడు మాత్రం ఆ విద్య నన్ను వదిలిపోయింది. ప్రార్థన అయ్యాక అందరూ ఆమేన్ అంటే నా పెదిమలు కదిలేవి, మాట వచ్చేది కాదు. ఆమేన్ అంటే అలాగే జరుగుగాక అని కదా. అలాగే ఎందుకు జరగాలి అని లోపల ఎవరో కూర్చుని అడిగేవారు. ఎవరికీ చెప్పలేదు. పెదిమలు కదులుతున్నాయి కాబట్టి ఎవరూ అడగనూ లేదు.

మా వారు మిషను బడిలో మాస్టారు. నా చేతుల్లో ఏదో ఒకటి వుంటే బావుంటుందని తోచి, ఏలూరు వెళ్ళినప్పుడు ఒక చిలకను కొనుక్కొచ్చారు. కొల్లేటి గట్టున తాటిచెట్టు తొర్రలోంచి నిన్ననే తీసిన పిల్ల అన్నాడట అమ్మినవాడు. నా పుట్టింటి దిక్కు నుంచి వచ్చిందని మా వారి సంతోషం. గోరుముద్దలు తినిపిస్తే నాలుగురోజుల్లో మాట్లాడుతుందని కూడా చెప్పాడట. మొదటి గోరుముద్దకే నా బొటనవేలికి చిల్లు పడింది.

నా కేక విని గార్డుగారు వచ్చారు. జేబులోంచి గడియారం తీసి చూసుకున్నారు. ఏ పని మొదలెట్టినా ముందు గడియారం చూడటం ఆయన అలవాటు. అది ఎప్పుడో ఆగిపోయిందని నాకు తర్వాత తెలిసింది. పంజరం ముందు చతికిలబడి చిలకకి నమస్కారం పెట్టారు.

"పిల్లన్నాడాండీ? మెడ చుట్టూ ఈ గులాబి పట్టీ చూశారా? అది రావాలంటే మూడేళ్ళు నిండాలి. వీరు సంసారం చేసిన మనిషి. మాస్టారి మొహం చూసి పిల్ల అని వుంటాడు."

మా వారు ఏదో పనున్నట్టు లోపలికి వెళ్ళిపోయారు.

నాకు నిజానికి ఆ చిలక మీద మొదట ఏ ప్రేమా లేదు. ఆదివారం మా సంఘపెద్దగారు పరామర్శకు వచ్చి, వెళ్తూ వెళ్తూ దాన్ని ఆశీర్వదించడానికి వేలు లోపల పెట్టారు. అది ఆయన ఆశీర్వాదాన్ని ఎముకదాకా స్వీకరించింది. మా అత్తగారి మొహం మాడిపోయింది. ఇంకో నెలన్నరకి మా ఇంట్లో కృతజ్ఞత కూటం పెట్టుకున్నాం, నేను బతికి బట్టకట్టినందుకు. ఆ వేళకి అది మనుషుల్లో పడకపోతే పెంటపాడులో తమ తమ్ముడుగారింటికి పంపించేస్తానన్నారు అత్తగారు. వాళ్ళింట్లో రెండు పిల్లులున్నాయి. రెంటికీ చిలకలంటే ప్రాణం.

పంపేస్తామన్నాకే అది నాదైంది. వచ్చినదాన్ని మళ్ళీ పోనివ్వడం ఆ యేడు ఇంకోసారి నా వల్ల కాదనిపించింది. ఆ సాయంత్రం దడి దగ్గరికి వెళ్ళి, దీన్ని మచ్చిక చెయ్యడం నేర్పండి తాతగారూ అని అడిగాను.

"దాన్ని మచ్చిక చెయ్యడం నాకు రాదండీ కోడలుగారూ," అన్నారు. "మిమ్మల్ని దానికి మచ్చిక చెయ్యమంటే ప్రయత్నిస్తాను."

మొదటి పదిరోజులూ పంజరంలో చెయ్యి పెట్టకూడదన్నారు. పక్కన పీట వేసుకుని, దానికేసి ఎదురుగా కాకుండా పక్కకి తిరిగి కూర్చోవాలి. బియ్యంలో రాళ్ళేరుకోవచ్చు, చింతపండు గింజలు తీసుకోవచ్చు. నీళ్ళూ గింజలూ పెట్టి వెంటనే చెయ్యి తీసెయ్యాలి. ఇంత చేతకానితనం నేర్చుకోవడానికి పది రోజులెందుకనుకున్నాను. అప్పుడు చెప్పారు లైన్ క్లియర్ మాట.

"బండి మనదేనండీ. జెండా మన చేతిలోదే. అయినా అవతలి స్టేషనువాడు రండి అనందే కదలడానికి వీల్లేదు. ఇవతల మనకెంత తొందరున్నా అవతలి పట్టాలు అతనివి. చెయ్యంటే వీరికి తెలిసిందల్లా తొర్రలోంచి లాగిన చెయ్యి. మీది అది కాదని వీరికి తోచాలి. తోచేదాకా ఔటరు సిగ్నలు దగ్గర మీరు ఆగాలి."

గొంతు అలవాటు కావాలంటే పక్కన కూర్చుని ఏదైనా పైకి చదవమన్నారు. నేను ఆ రోజుల్లో ఏ పుస్తకమూ ముట్టుకోవడం లేదు. ఆయనకు ఎలా తెలిసిందో, ఇంట్లోంచి పాత రైల్వే టైముటేబులు తెచ్చిచ్చారు. "ఇది చదవండి. చిలకకి అర్థం కాదు, మీకూ కాదు. ఎవరికీ బాధ లేదు." అలా రోజూ సాయంత్రం రాళ్ళేరుతూ ఏలూరు, దెందులూరు, భీమడోలు, పూళ్ళ అని మెల్లిగా చదువుకుంటూ పోయేదాన్ని. ఏ బండి ఎక్కడ ఎన్ని నిముషాలు ఆగుతుందో చిలకకి చెప్పేదాన్ని. మా అత్తగారు గుమ్మంలో నిలబడి ఒకరోజు విని, లోపలికి వెళ్ళి మా వారితో మాట్లాడారు. మా వారు వచ్చి నా నుదురు తాకి చూసి వెళ్ళారు.

తొమ్మిదో రోజు భీమడోలు దాటాక పక్క నుంచి కిర్రు కిర్రుమని సన్నటి చప్పుడు. ఓరగా చూస్తే, చిలక ఈకలు వదులు చేసుకుని, ఒంటికాలి మీద నిలబడి, కళ్ళు అరమోడ్చి ముక్కు నూరుకుంటోంది. దడికి అవతల గార్డుగారు పాదులు తవ్వుతూ చూశారు. గడియారం తీశారు.

"లైన్ క్లియరండీ," అన్నారు. "జామముక్క తెండి."

ముక్క ఇచ్చే ముందు ఆయన టోపీ తీసి చంకలో పెట్టుకుని కళ్ళు మూసుకున్నారు. ఎవరికైనా సరే తిండికి ముందు ప్రార్థన వుండాలట. "ప్రభువుగారండీ, ఈ జామముక్క నిమిత్తం వందనాలండీ. ఆమేనండీ." అప్పుడు ఊచల మధ్య నుంచి ముక్క అందించారు. చిలక మెడ సాచి, లాక్కుని, మూలకి పోయి తింది. మర్నాడూ అదే ప్రార్థన, అదే ముక్క. ఆ తర్వాత రోజూ ఆ వేళకి ఆయన రావడం, టోపీ తీయడం, ఆ రెండు ముక్కల ప్రార్థన, తర్వాత జామ. ముక్క నా చేత ఇప్పించినా, ప్రార్థన మాత్రం ఆయనే చేసేవారు. చిలకకి భక్తి నేర్పుతున్నారని అత్తగారు దెప్పితే, "నేర్పడం లేదండీ, మనకున్నది పోకుండా చూసుకుంటున్నాను" అన్నారు. ఎవరిని ఉద్దేశించి అన్నారో నేను అడగలేదు.

ఆ ధైర్యంతో ఒకరోజు తలుపు తీసి చెయ్యి పెట్టాను. కరిచింది. కేకేసి చెయ్యి లాక్కున్నాను.

"బావుందండీ," అన్నారు గార్డుగారు. "కరిస్తే కోడలుగారు పాట పాడతారని వీరికి తెలిసిపోయింది. ఇక రోజూ పాడించుకుంటారు."

అని తన చెయ్యి పెట్టారు. చిలక మొహమాటపడలేదు. ఆయన వేలు లాక్కోలేదు, గొంతు పెంచలేదు. భీమడోలు స్టేషనులో ఒకానొక టిక్కెట్టు గుమాస్తా ఎంత పిసినారో చెప్పడం మొదలెట్టారు. మణికట్టు మీంచి నెత్తురు కారుతూనే వుంది, గుమాస్తా కథ సాగుతూనే వుంది. కాసేపటికి చిలకకి విసుగేసి వదిలేసింది. "తమరి దయ" అని చెయ్యి మెల్లిగా తీసుకున్నారు. ఆయన మర్యాద అంతా నోటి చివర వుంటుందని అందరూ అనుకునేవారు. వేలి చివరిదాకా వుందని నేను ఆ రోజు చూశాను.

మర్నాడు ఒక కర్ర తెచ్చారు. మూరన్నర వుంటుంది. పట్టుకుని పట్టుకుని నల్లగా నిగనిగలాడుతోంది. ఏం కర్రండీ అంటే, "పాతదండీ, చెదలు పడుతుందని తీశాను, పొయ్యిలోకి కూడా పనికిరాదు" అన్నారు. దాన్ని పంజరంలోకి పోనిచ్చి, చిలక కాళ్ళకి కాస్త పైన, పొట్టకి మెత్తగా ఆనించాలి. నెట్టకూడదు, ఆనించి ఆగాలి. "ఎక్కండి" అనాలి. ఎక్కితే జామ, ఎక్కకపోతే ఏమీ లేదు, కోపమూ లేదు. మూడు రోజులు కర్రను కొరికింది, నాలుగో రోజు ఎక్కింది. ఎక్కి, ఎక్కానని తనే ఆశ్చర్యపోయి దిగింది.

అప్పుడు గార్డుగారు రంపం తెచ్చారు. కర్రని నాలుగు వేళ్ళ మేర కోసెయ్యాలట. గడియారం చూసుకున్నారు. రంపం ఆనించి, మళ్ళీ చూసుకున్నారు. ఆగిపోయిన గడియారం అన్నిసార్లు చూడటమేమిటో నాకు అర్థం కాలేదు. నేను కోస్తానన్నాను, ఇవ్వలేదు. పక్కకి చూస్తూ కోశారు.

మూడు నాలుగు రోజులకొకసారి కర్ర పొట్టిదయ్యేది, నా చెయ్యి చిలకకి దగ్గరయ్యేది. ఎంత మెల్లిగానంటే, చెయ్యి దగ్గరికొస్తోందని దానికి తెలియలేదు, భయం పోతోందని నాకూ తెలియలేదు. చివరికి బెత్తెడు ముక్క నా గుప్పిట్లో మిగిలింది. ఒక కాలు కర్ర మీద, ఒక కాలు నా వేలి మీద వేసి కూర్చుంది. ఆ సన్నటి గోళ్ళు వేలి చుట్టూ బిగిశాయి. పదకొండు రోజుల పిల్ల గుప్పిట్లో వేలు పెడితే అది కూడా అలాగే బిగించేది. గార్డుగారు ఏదో ఒక ఎత్తిపొడుపు విసురుతారని చూశాను. ఆయన దడి దాటి వెళ్ళి పాదులు తవ్వుకుంటున్నారు. పొద్దున్న తవ్విన పాదులే.

కృతజ్ఞత కూటం రోజు రానే వచ్చింది. చిలకను పంజరంలో పెట్టి పెరట్లో దాచమన్నారు అత్తగారు. గార్డుగారు వద్దన్నారు. మనుషుల్లో పడిందో లేదో మనుషుల మధ్యే తేలాలి కదా చెల్లెమ్మగారూ అన్నారు. సరే, కరిస్తే రేపే పెంటపాడు అన్నారు అత్తగారు. దాంతో నేను చాప మీద ఆడవాళ్ళ మధ్య, వేలి మీద చిలకతో కూర్చున్నాను. గార్డుగారు ఎప్పట్లాగే చివర, గుమ్మం పక్కన, పాత రైలు కోటు వేసుకుని కూర్చున్నారు.

కీర్తన అయింది. సంఘపెద్దగారు ప్రార్థనకు లేచారు. ఆయన ప్రార్థన ఏలూరులో ఎక్కితే నిడదవోలు దాకా దిగడానికుండదు. సృష్టి అయింది, జలప్రళయం అయింది, రాజుల యుద్ధాలయ్యాయి. నా చెయ్యి లాగుతోంది. కదిలితే చిలక బెదురుతుందని బిగబట్టుకుని కూర్చున్నాను. లోకమంతా తిరిగి ఆయన చివరికి మా ఇంటికి వచ్చారు.

"ఈ గృహమందలి లేత మొగ్గను నీవు త్రుంచుకొంటివి తండ్రీ. తలిదండ్రుల యందలి లోపములను బట్టియే నీవిట్లు చేసితివని వీరికి బోధపరచుము. మరియు ఈ తల్లి యొక్క అవిశ్వాసమును..."

చిలక రెక్క విదిల్చి సర్దుకుంది. ఈ ప్రార్థన చివర అందరితో పాటు నేనూ పెదిమలు కదపాలి. అలాగే జరుగుగాక అన్నట్టు కదపాలి. కదపకపోతే పక్కావిడ చూస్తుంది. నా కళ్ళు మూసి లేవు. కాబట్టి చూశాను. గుమ్మం పక్కన గార్డుగారు టోపీ తీసి చంకలో పెట్టుకుంటున్నారు. రెండో చెయ్యి కోటు జేబులోకి వెళ్ళింది. బయటికొచ్చినప్పుడు వేళ్ళ మధ్య పచ్చగా ఏదో మెరిసింది.

"ఆమేనండీ," అంది చిలక.

అచ్చం గార్డుగారి గొంతు. అది పుట్టి మాట్లాడిన మొదటి మాట. కళ్ళు మూసుకున్న నలభై మందీ అలవాటు ప్రకారం ఒక్కసారిగా "ఆమేన్" అన్నారు. అని కళ్ళు తెరిచారు. ఆడవాళ్ళు కొంగులు సర్దుకున్నారు, వెనక పిల్లలు ఫలహారం పళ్ళాల వైపు లేచిపోయారు. సంఘపెద్దగారు ఇంకా చేతులెత్తే వున్నారు. ఆమేన్ అన్నాక ప్రార్థన మళ్ళీ మొదలెట్టే వాడుక ఏ సంఘంలోనూ లేదు. చేతులు దించారు.

గార్డుగారు లేచి వచ్చి జామముక్క చిలకకి ఇచ్చారు. "మాటన్నాక ఇవ్వాలి కదండీ," అన్నారు అందరికీ వినపడేలా.

సంఘపెద్దగారు ఫలహారం దగ్గర, చిలకను పెంచడం క్రైస్తవ కుటుంబానికి తగునా అని మొదలెట్టారు. మా అత్తగారు ఆయన పళ్ళెంలో ఇంకో రెండు గారెలు వేశారు. "కరవలేదు కదండీ, మనుషుల్లో పడ్డట్టే," అన్నారు. ఆవిడ వైపు చూశాను. ఆవిడ నా వైపు చూడలేదు. ఆవిడ పోగొట్టుకుంది కూడా మనవరాలినేనని నాకు ఆ పూటే తట్టింది. పెంటపాడు పిల్లుల మాట మళ్ళీ మా ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. ఆ గారెలకు లోపల స్తోత్రం చెప్పుకున్నాను. చాలా రోజుల తర్వాత చెప్పుకున్న మొదటి స్తోత్రం అది.

మర్నాడు దడి దగ్గర, ప్రార్థనలో జామముక్క చూపించారు కదూ అని నిలదీశాను.

"నేను కళ్ళు మూసుకున్నానండీ," అన్నారు. "ప్రార్థనలో కళ్ళు తెరిచేది చిలకలూ, కోడళ్ళూను."

నేను నవ్వలేదు. ఆయన గడియారం తీసి, చూడకుండానే లోపల పెట్టుకున్నారు.

"ముప్ఫై యేళ్ళలో ఎన్నిసార్లు దారి మధ్య బండి ఆపారో చెప్పలేనమ్మా. రాత్రనక, ఎండనక. ఎందుకాపారో ఒక్కసారి కూడా పైవాళ్ళు నాకు చెప్పలేదు. సిగ్నలు పడింది, ఆగాను. ఎందుకు ఆగిందో నాకు తెలుసు అనే గార్డుని మాత్రం నమ్మకండి."

ఆ మాటల్లో ఎక్కడా అండీ లేదని ఇంట్లోకి వచ్చాక గుర్తొచ్చింది.

తర్వాత రెండేళ్ళకి, కొల్లేరు పొంగిన వానల్లో, చలిజ్వరం వచ్చి నాలుగు రోజుల్లో పోయారు. మూడో రోజు నేను గంజి పట్టుకెళ్తే, చిలకగారు భోంచేశారా అని అడిగారు. అత్తిలి నుంచి మేనల్లుడు వచ్చాడు. స్టేషను నుంచి నలుగురు వచ్చారు. శవపెట్టె మీద ఎర్రజెండా, పచ్చజెండా పెట్టాలని మేనల్లుడి కోరిక. ట్రంకు తీస్తే ఎర్రజెండా కర్రతో సహా వుంది. పచ్చది ఒట్టి గుడ్డ, మడతపెట్టి వుంది.

"దీని కర్రేది?" అన్నాడతను. "ఉద్యోగం వదిలేప్పుడు రైల్వే దొరగారిని అడిగి తెచ్చుకున్నాడు మామయ్య. చిన్నప్పుడు మమ్మల్ని ముట్టుకోనిచ్చేవాడు కాదండీ."

చెదలు తిని వుంటాయన్నారు సంఘపెద్దగారు. అవునన్నట్టు తలూపాను. ఆ చెదలకి మెడ చుట్టూ గులాబి పట్టీ వుంటుందని ఆయనకి ఎవరు చెబుతారు? బెత్తెడు ముక్క మా ఇంట్లోనే వుంది. పంజరం తలుపు మూసుకుపోకుండా దానికింద అడ్డం పెట్టి వుంచాను.

ఆ రోజు మొట్టమొదటిసారి గార్డు పెట్టె ముందు నడిచింది. మేమంతా వెనక నడిచాం. సమాధుల దొడ్డికి చేరేసరికి వాన పెద్దదైంది. సంఘపెద్దగారు సృష్టిని వదిలేసి తిన్నగా మట్టి దగ్గరికి వచ్చారు. రెండు నిముషాల్లో ముగించారు. ఆ వానకి స్తోత్రం.

అందరూ ఆమేన్ అన్నారు. నా పెదిమలు కదిలాయి. ఈసారి వెనకాల మాట కూడా వచ్చింది, కాస్త ఆలస్యంగా, కాస్త పెద్దగా.

"ఆమేనండీ."

నాలుగు తలలు ఇటు తిరిగాయి. తిరుగుదారిలో మా అత్తగారు గొడుగు నా వైపు వంచి పట్టుకుని చాలాదూరం నడిచారు. రైలు గేటు దగ్గర ఆగాల్సి వచ్చింది. అప్పుడన్నారు, దేవుడితో అండీ ఏమిటే, చిలక దగ్గర నేర్చుకున్నావా అని.

"పెద్దవారు కదండీ," అన్నాను.

గేటు తీశారు.